దొరికిన నీరు, ఇచ్చిన నీరు: ఎడారి సైకిల్ యాత్రాకథనాల్లో ఋణభావన

వ్యాససంగ్రహం

సైకిల్‌పై ఎడారి దారులు దాటినవారి రచనలను విమర్శ ఎక్కువగా సాహసగాథలుగానే చదువుతూ వచ్చింది. దూరం, వేడిమి, ఒంటరితనం ఆ పఠనానికి కొలమానాలు. ఇరాన్‌లోని టెహ్రాన్–మషద్ రహదారి మీదుగా డెబ్భై ఏడేళ్ల తేడాతో సాగిన థామస్ స్టీవెన్స్ (1886), డెర్వ్లా మర్ఫీ (1963) యాత్రల కథనాలను ప్రధానంగా తీసుకొని, ఎడారిలో యాత్రికుణ్ణి బతికించిన మనుషులకు ఆ కథనాల్లో దక్కిన స్థానాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 1931 నాటి ముగ్గురు పార్సీ యాత్రికుల గ్రంథాన్ని, తెలుగులో ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్రను అవసరమైన మేరకు స్పృశిస్తుంది.

కీలకపదాలు: యాత్రాసాహిత్యం, సైకిల్ యాత్ర, ఎడారి, ఆతిథ్యం, ఋణం, అనువాదం.

1. ఉపోద్ఘాతం

తెలుగులో యాత్రాసాహిత్య విమర్శ ఇప్పటికీ రెండు ప్రశ్నల దగ్గరే ఎక్కువగా ఆగుతోంది. యాత్రికుడు ఎంత దూరం వెళ్లాడు, ఎన్ని కష్టాలు పడ్డాడు అన్నవి ఆ ప్రశ్నలు. కాలినడక యాత్రలకు తెలుగులో గౌరవం తెచ్చిన మాచవరపు ఆదినారాయణ 'భ్రమణకాంక్ష' వంటి రచన వచ్చిన తరువాత కూడా సమీక్షల్లో కిలోమీటర్ల లెక్క ముందు వరుసలో ఉంటోంది. సైకిల్ యాత్ర విషయంలో ఈ ధోరణి మరింత బలంగా కనిపిస్తుంది. సైకిలు మనిషి కండబలంతో నడిచే యంత్రం. రైలుకూ మోటారుకూ ఉన్నట్టు దాని వెనుక బొగ్గు, పెట్రోలు, డ్రైవరు కనిపించవు. అందుకే సైకిల్ యాత్రికుడు తన బలంతో తానే వెళ్లాడన్న భావం పాఠకుడిలో సులభంగా స్థిరపడుతుంది. దారి ఎడారి అయితే ఆ భావం మరింత గట్టిపడుతుంది, ఎందుకంటే ఎడారి అన్నమాటకే మనుషులు లేని చోటన్న అర్థం అలవాటైంది.

ఈ రెండు ఊహలూ సరికావు. ఎడారి రహదారి మీద యాత్రికుడు తాగిన ప్రతి గుక్క నీటి వెనుక ఎవరో ఒకరి శ్రమ ఉంటుంది. 'నీళ్లు దొరికాయి' అని రాయడానికీ 'నీళ్లు ఇచ్చారు' అని రాయడానికీ మధ్య ఉన్న దూరం వాక్యనిర్మాణానికి మాత్రమే సంబంధించినది కాదు. ఎడారి యాత్రాకథనపు విలువను నిర్ణయించడంలో ఆ దూరానికి దాటిన మైళ్ల కంటే ఎక్కువ పాత్ర ఉంది.

2. దారి కింది నీరు

టెహ్రాన్ నుంచి తూర్పుగా దామ్‌ఘాన్, షారూద్, సబ్జెవార్, నిషాపూర్ మీదుగా మషద్ చేరే దారి చాలా పాతది. ఉత్తరాన అల్‌బోర్జ్ కొండలు, దక్షిణాన దష్త్-ఎ-కవీర్ ఉప్పు ఎడారి. ఈ రెంటి మధ్య సన్నని పట్టీలా దారి సాగుతుంది. ఎనిమిదవ ఇమామ్ రెజా సమాధి మషద్‌లో ఉండడం వల్ల శతాబ్దాలుగా షియా యాత్రికులు ఈ దారినే నడిచారు. దారి పొడవునా సరాయిలు, ఇటుక గుమ్మటాలు కప్పిన నేల తొట్లు ఉండేవి. ఆబ్ అంబార్ అనే ఆ తొట్లలో చాలావాటిని పుణ్యార్థం కట్టించి వక్ఫ్‌గా అప్పగించారు. తెలుగు పాఠకుడికి చలివేంద్రం గుర్తుకు వస్తే అది సరైన పోలికే.

ఊళ్లకు నీళ్లిచ్చేవి కనాత్‌లు. కొండ పాదంలో భూగర్భజలం తగిలేదాకా బావి తవ్వుతారు. అక్కడి నుంచి కొద్దిపాటి వాలుతో భూమి లోపల సొరంగం తొలుస్తూ, మధ్యమధ్య గాలికీ మట్టి పైకి తీయడానికీ నిలువు బావులు దింపుతూ, కొన్నిచోట్ల పదుల కిలోమీటర్లు నీటిని నడిపిస్తారు. పైనుంచి చూసేవారికి ఎడారి నేల మీద చీమల పుట్టల్లాంటి మట్టి దిబ్బల వరుస మాత్రమే కనిపిస్తుంది. ఆ సొరంగం పూడిపోతే ఊరు ఎండుతుంది. అందువల్ల తరతరాలుగా లోపలికి దిగి పూడిక తీసే పనివారు ఉన్నారు. సొరంగం కూలి చనిపోయిన వారూ ఉన్నారు. ఈ దారి మీద ప్రయాణించిన ఎవరికీ నీరు ఊరికే దొరకలేదు.

ఈ రకమైన శ్రమను నమోదు చేయడంలో తెలుగు నేల ఆచారం కూడా గమనించదగినదే. తటాకనిర్మాణాన్ని సప్తసంతానాల్లో ఒకటిగా లెక్కించిన సంస్కృతి మనది. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం (1369) చెరువు కట్టించిన భాస్కర భవదూరుడి పేరును నిలిపింది. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లతో రెండేళ్లు పనిచేశారన్న లెక్కనూ నిలిపింది. లెక్క చెప్పడమే ఆనాటికి పెద్ద విషయం. పేర్లు మాత్రం లేవు. ఎడారి యాత్రాకథనాలను చదివేటప్పుడు ఈ శాసనాన్ని పక్కన పెట్టుకోవడం ఉపయోగకరం. ఎందుకంటే అక్కడా పేర్లు ఒక క్రమంలోనే వస్తాయి, ఒక క్రమంలోనే పోతాయి.

3. స్టీవెన్స్: పేర్ల అంతస్తులు

థామస్ స్టీవెన్స్ ఇంగ్లండులో పుట్టి అమెరికాలో స్థిరపడినవాడు. ముందు పెద్దచక్రం, వెనుక చిన్నచక్రం ఉండే యాభై అంగుళాల కొలంబియా సైకిలు మీద 1884 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బయలుదేరి, నెవాడా ఎడారిని దాటి ఆగస్టులో బోస్టన్ చేరాడు. మరుసటి ఏడాది లివర్‌పూల్ నుంచి మొదలుపెట్టి ఐరోపా, టర్కీ మీదుగా టెహ్రాన్ వచ్చి అక్కడే చలికాలం గడిపాడు. 1886 వసంతంలో మషద్ దారి పట్టాడు. అదే ఏడాది డిసెంబరులో యొకొహామాలో యాత్ర ముగించాడు. 'అవుటింగ్' పత్రికలో వెలువడిన ఆయన రచనలు 1887, 1888లలో రెండు సంపుటాలుగా వచ్చాయి. సైకిలు మీద భూమిని చుట్టిన మొదటివాడన్న కీర్తి ఆయనదే.

ఆ కీర్తి మీద ఎవరికీ అభ్యంతరం ఉండనక్కరలేదు. గేర్లు లేని, గాలి టైర్లు లేని, ఎక్కడమూ దిగడమూ కూడా విద్యే అయిన ఆ యంత్రాన్ని ఇసుకలో తోసుకుంటూ, రాళ్ల మీద మోసుకుంటూ వెళ్లడం అసాధారణమే. స్టీవెన్స్ చూపు చురుకైనది. దుస్తులు, రొట్టె రకాలు, సరాయి గదుల పొగ, దారి స్వభావం ఆయన కథనంలో నమ్మదగిన వివరంగా కనిపిస్తాయి. హాస్యం కూడా ఉంది. సమస్య ఆ హాస్యం ఎవరి మీద పడుతుందన్న దగ్గర మొదలవుతుంది.

ప్రతి ఊళ్లోనూ జనం చుట్టూ మూగి సైకిలు ఎక్కి చూపించమని పట్టుబట్టడం ఆయన కథనంలో పదేపదే వచ్చే దృశ్యం. స్టీవెన్స్ దీన్ని వేధింపుగా రాశాడు. మరో వైపు నుంచి చదివితే అది మారకం. ఊరు బస ఇచ్చింది, తిండి ఇచ్చింది, దారి చెప్పింది. బదులుగా ఎన్నడూ చూడని ఆ వింతను ఒక్కసారి చూడాలనుకుంది. టెహ్రాన్‌లో షా నసీరుద్దీన్ అదే కోరాడు. షా కోరిక స్టీవెన్స్‌కు గౌరవమైంది. పల్లెవాసి కోరిక గుంపు ఆగడమైంది. ఆ కోరికకు స్వరూపం ఒకటే, అడిగినవాడి అంతస్తు వేరు. రచయిత తూకం అంతస్తును బట్టి మారిందని చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన చోటు ఆ రెండు సంపుటాల్లో కనిపించదు.

ఈ తేడా పేర్లలోనూ కనిపిస్తుంది. టెలిగ్రాఫ్ కార్యాలయాల్లో పనిచేసే యూరోపియన్లు, మిషనరీలు, దౌత్యాధికారులు ఇంటిపేర్లతో వస్తారు. షా, అమీరు, గవర్నరు బిరుదులతో వస్తారు. మషద్ తరువాత స్టీవెన్స్ దక్షిణంగా బిర్జండ్ చేరి, అక్కడి అమీరు ఆతిథ్యం పొంది, ఆయన పంపిన మనుషుల తోడుతో దష్త్-ఇ-నావుమీద్ దాటాడు. ఆ మాటకు అర్థం ఆశలేని ఎడారి. యాత్ర మొత్తంలో ప్రాణాపాయం ఎక్కువగా ఉన్న ఘట్టాల్లో ఇది ఒకటి. దారి తెలిసినవారూ నీటి చోటు తెలిసినవారూ ఆ తోడు వచ్చినవారే. కథనంలో వారు ఎక్కువగా తమ పని పేర్లతోనే కనిపిస్తారు. వారి భయం, బద్ధకం, తిండిపోతుతనం నవ్వు పుట్టించడానికి పనికొస్తాయి. ఎడారి దాటినవాడు మాత్రం ఒక్కడే.

ఇది వ్యక్తి దోషం మాత్రమే కాదు. అప్పటి రాజకీయం దాని వెనుక ఉంది. 1885లో పంజ్‌దేహ్ వద్ద రష్యన్, అఫ్ఘన్ సేనలు తలపడ్డాయి. సరిహద్దు నిర్ణయ సంఘం పని ఇంకా సాగుతోంది. ఆ సమయంలో ఇంగ్లీషు మాట్లాడే మనిషి ఒంటరిగా అఫ్ఘన్ నేల మీదికి వస్తే ఎవరూ వట్టి యాత్రికుడనుకోరు. ఫరా దగ్గర అధికారులు ఆపి, కాపలాతో హెరాత్ వైపు నడిపించి, తిరిగి పర్షియా సరిహద్దుకు పంపేశారు. దాంతో ఆయన కాస్పియన్ తీరానికి మళ్లి, బాకూ, కాన్‌స్టాంటినోపుల్ మీదుగా ఓడలో కరాచీ చేరవలసి వచ్చింది. ఈ నిర్బంధాన్ని రాసేటప్పుడు స్టీవెన్స్ తన నిస్సహాయతను దాచలేదు. ఆ పుటల్లో కాపలావారు కొంత మనుషులుగా కనిపిస్తారు. కదలిక ఆగినప్పుడే చూపు నిలిచిందన్నది ఆయన గ్రంథంలోని వింత. చలికాలమంతా టెహ్రాన్‌లో ఉండి నేర్చుకున్న కొద్దిపాటి పారశీక భాషను కూడా తిండి, బస, దారి అడగడానికి వాడినంతగా ఎదుటివారి కథ వినడానికి వాడలేదు.

4. మర్ఫీ: స్వీకరించడం అనే పని

ఐర్లండులోని లిస్మోర్‌లో 1931లో పుట్టిన డెర్వ్లా మర్ఫీకి పదవ పుట్టినరోజున ఒక పాత సైకిలు, ఒక అట్లాసు బహుమతులుగా వచ్చాయి. ఇండియాకు సైకిలు మీద వెళ్లాలని ఆమె అప్పుడే నిశ్చయించుకుంది. అనారోగ్యంతో ఉన్న తల్లి సంరక్షణలో ఏళ్లు గడిచాయి. తల్లిదండ్రులు పోయిన తరువాత 1963 జనవరిలో, ఐరోపా ఎరిగిన అతి కఠినమైన చలికాలాల్లో ఒకదాని మధ్య, డన్‌కర్క్ నుంచి బయలుదేరింది. సైకిలుకు డాన్ కిహోటే గుర్రం పేరు పెట్టి రోజ్ అని పిలుచుకుంది. దానికున్న గేర్లను తీయించివేసింది. చెడిపోయేవి ఎంత తక్కువ ఉంటే అంత మేలన్నది ఆమె లెక్క. ఈ యాత్రాకథనం 1965లో 'ఫుల్ టిల్ట్' పేరుతో వెలువడింది.

గ్రంథనిర్మాణంలో ఒక నిర్ణయం విమర్శకుల దృష్టిని ఆకర్షించవలసింది. డన్‌కర్క్ నుంచి టెహ్రాన్ దాకా సాగిన ప్రయాణాన్ని ఆమె ఉపోద్ఘాతంలో కుదించి చెప్పింది. తోడేళ్ల మీద తుపాకీ పేల్చిన ఘట్టం కూడా అందులోనే ముగిసిపోతుంది. సాహసగాథ రాయదలచినవారు అధ్యాయాలుగా పెంచుకునే సామగ్రి అది. రోజువారీ దినచర్య టెహ్రాన్ దాటిన తరువాతనే, ఎడారి వాకిట్లో మొదలవుతుంది. ఈ దినచర్య స్వదేశంలోని మిత్రులకు విడతలుగా పంపిన రాతల నుంచి రూపొందింది. అందువల్ల దాని కాలం ఆ సాయంత్రపు కాలం. ఆ రోజు అన్నం పెట్టిన మనిషి ఇంకా పక్కగదిలో ఉండగానే రాసిన వాక్యాలు అవి. జ్ఞాపకంలో ఎండి గట్టిపడిన 'స్థానికులు' అన్న ముద్దపదం అక్కడ అంత సులభంగా చోటు చేసుకోలేదు.

స్టీవెన్స్ నడిచిన దారే ఇది. ఈసారి మోటారు లారీలు తిరుగుతున్నాయి, చాయ్‌ఖానాలు వెలిశాయి. పొట్టి జుట్టు, సైనికుల తరహా దుస్తులు చూసి మర్ఫీని పురుషుడని పొరబడినవారు ఉన్నారు. స్త్రీ అని తెలిసిన చోట అంతఃపుర వాకిళ్లు తెరుచుకున్నాయి. స్టీవెన్స్ చూడలేని సగం ఇంటిని ఆమె చూడగలిగింది. తిండి ఎవరు వండారో, వడ్డించే ముందు ఎవరు తినకుండా ఆగారో ఆ సగం ఇంట్లోనే తెలుస్తుంది. ఆతిథ్యం అన్న మాట మగవారి గదిలో గౌరవమర్యాద. వెనుక గదిలో అది ఒక పూట శ్రమ.

మర్ఫీ కథనంలోని ప్రధాన గుణం ఇక్కడే ఉంది. ఆమె స్వీకరించడాన్ని ఒక పనిగా చూసింది. ఇచ్చేవారికి కాలం ఇవ్వడం, కూర్చోవడం, వద్దనకుండా తినడం, తిరిగి ఇవ్వలేనప్పుడు ఆ ఇబ్బందిని భరించడం ఆమె రోజులో పెడలు తొక్కినంత భాగం అయ్యాయి. అఫ్ఘానిస్థాన్‌లో కొంత దూరం ఆమె సైకిలును వాహనానికి ఎక్కించవలసి వచ్చింది. ఒంటరి విదేశీ స్త్రీకి వీసా ఇవ్వడానికే అధికారులు వెనుకాడిన కాలం అది. ఒక బస్సులో జరిగిన గొడవలో తుపాకీ మడమ తగిలి ఆమె పక్కటెముకలు విరిగాయి. ఈ సంఘటన నుంచి అఫ్ఘన్ల మీద తీర్పు తీయడం ఎంత సులభమో ఊహించవచ్చు. మర్ఫీ తీయలేదు. ఆ దేశం మీద ఆమెకున్న మమకారం గ్రంథం చివరిదాకా చెక్కుచెదరలేదు.

అయితే ఆ మమకారమే ఆమె రచనలోని బలహీనతకు కూడా మూలం. 1960లలో అఫ్ఘానిస్థాన్ రహదారులు రెండు అగ్రరాజ్యాల పోటీ స్థలం. కాబూల్–కాందహార్ దారిని అమెరికా సాయంతో, కాందహార్–హెరాత్–కుష్క్ దారిని సోవియట్ సాయంతో వేస్తున్నారు. తారు, కాంక్రీటు వచ్చి పాత జీవనం చెదిరిపోతుందన్న బాధ మర్ఫీలో బలంగా ఉంది. ఆ బాధలో నిజం లేకపోలేదు. కానీ కాన్పు కష్టమైన స్త్రీని ఆసుపత్రికి చేర్చే దారి ఏది అన్న ప్రశ్నను ఆ బాధ ఎక్కువసేపు అడగనివ్వదు. పేదరికాన్ని సరళతగా, లేమిని స్వచ్ఛతగా చూసే చూపు ఐరోపా యాత్రికుల్లో పాతదే. మర్ఫీ దాని నుంచి పూర్తిగా బయటపడలేదు. ఇరానీయులను అఫ్ఘన్లతో పోల్చి తక్కువ చేసిన చోట్ల ఈ చూపు మరీ ఇరుకైంది. ఆధునికతను అనుకరించే సమాజం ఆమెకు రుచించలేదు. తాను తెచ్చుకున్న సైకిలు, ముందుగా నగరాలకు పంపించుకున్న విడి టైర్లు, దౌత్యకార్యాలయాల సహకారం ఆ ఆధునికతలో భాగమేనన్న స్పృహ గ్రంథంలో పలుచగానే ఉంది.

పేర్ల విషయంలో కూడా మర్ఫీని పూర్తిగా మినహాయించలేము. స్వాత్ వాలీ వంటి పాలకులు సహజంగానే గుర్తుండిపోతారు. చాయ్‌ఖానా యజమానులు చాలామంది పేరు లేకుండానే ఉండిపోయారు. తేడా వాక్యంలో ఉంది. మర్ఫీ దృశ్యంలో ఇచ్చినవారికి ముఖం, చేయి, తొందర, మొండితనం ఉంటాయి. పేరు పోయినా మనిషి మిగిలాడు.

5. ముగ్గురి 'మేము'

1923 అక్టోబరులో బొంబాయి నుంచి ఆరుగురు పార్సీ యువకులు సైకిళ్లపై ప్రపంచయాత్రకు బయలుదేరారు. 1928 మార్చిలో యాత్ర పూర్తిచేసి తిరిగి వచ్చినవారు ముగ్గురు: ఆది హకీమ్, జాల్ బాపసోలా, రుస్తుం భూమ్‌గరా. ముగ్గురూ కలిసి రాసిన ఇంగ్లీషు గ్రంథం 1931లో జవహర్‌లాల్ నెహ్రూ ముందుమాటతో వచ్చింది. బలూచిస్థాన్, ఇరాన్ ఎడారులను, బాగ్దాద్ నుంచి అలెప్పో దాకా మెసొపొటేమియా ఎడారిని వారు దాటారు.

స్టీవెన్స్ పక్కన పెట్టి చదివితే ఈ గ్రంథానికి ఉన్న ప్రత్యేకత వెంటనే తెలుస్తుంది. వీరు బ్రిటిష్ సామ్రాజ్యపు ప్రజలు. అలాగే ఇరాన్ వీరి పూర్వుల దేశం. స్టీవెన్స్‌కు వింతదేశమైన ఎడారి వీరికి ఒక విధంగా విడిచివచ్చిన పెరడు. కథకుడు ఏకవచనం కాకపోవడం కూడా ముఖ్యమే. ఒకరి దాహం మరొకరి కంటితో నమోదయ్యే వీలు అక్కడ ఉంది. సాహసకీర్తిని ముగ్గురూ పంచుకోక తప్పదు. ఆరుగురి 'మేము' ముగ్గురి 'మేము'గా కుదించుకుపోవడం కథనపు అంతర్గత విషాదం. సాహిత్య గుణంలో మర్ఫీ గ్రంథానికి సాటి రాకపోయినా, భారతీయ సైకిల్ యాత్రాకథనాల చర్చ ఇక్కడి నుంచి మొదలుకావడం న్యాయం.

6. తెలుగు వాక్యంలోకి వచ్చినప్పుడు

ఈ గ్రంథాలను తెలుగు చేసేవారికి మొదట ఎదురయ్యే చిక్కు భౌగోళికమైనది కాదు, వ్యాకరణమైనది. ఇంగ్లీషులో యాత్రికుడికి టీ 'ఇవ్వబడుతుంది'. కర్మణి వాక్యం పుచ్చుకున్నవాణ్ణి కర్త స్థానంలో కూర్చోబెడుతుంది, ఇచ్చినవారు వాక్యం బయట నిలబడతారు. తెలుగులో అలా రాస్తే అది తర్జుమా వాసన కొడుతుంది. సహజంగా రాస్తే 'టీ ఇచ్చారు' అవుతుంది. పేరు లేకపోయినా ఇచ్చినవారు క్రియ చివరనే కూర్చుంటారు. దాహం, ఆకలి, చలి కూడా తెలుగులో యాత్రికుడు చేసే పనులు కావు. అవి అతనికి వేసేవి. వీరాస్వామయ్య 1830–31 నాటి కాశీయాత్ర చరిత్రలో మజిలీ మజిలీకీ నీళ్లు మంచివా, అంగళ్లున్నాయా, బసకు చోటుందా అని రాస్తూ పోయిన పద్ధతికి ఈ వాక్యస్వభావం అనుకూలించింది. ఆయన సవారీ మోసిన బోయీలు ఆ గ్రంథంలో ఎక్కువగా గుంపుగానే కనిపిస్తారన్నది వేరే సంగతి. పల్లకీ యాత్రకూ సైకిల్ యాత్రకూ ఉన్న భేదం మోసేవారు కళ్లెదుట ఉన్నారా లేదా అన్నదే.

రెండవ చిక్కు మరింత సున్నితమైనది. తెలుగులో 'మేము', 'మనం' వేరు. స్టీవెన్స్ తన నాగరికత గురించి, తన అలవాట్ల గురించి బహువచనంలో మాట్లాడినప్పుడు అమెరికాలోని 'అవుటింగ్' పాఠకుణ్ణి తన వైపు కలుపుకున్నాడు. అది 'మనం'. పక్కనే గుర్రం మీద వస్తున్న అమీరు మనిషి ఆ 'మనం'లో లేడు. అనువాదకుడు 'మన దేశాల్లో' అని రాస్తే తెలుగు పాఠకుడు తనకు తెలియకుండానే ఫిరంగీల పక్షాన చేరి ఖొరాసాన్ పల్లెవాసిని చూసి నవ్వవలసి వస్తుంది. 'మా దేశాల్లో' అని రాస్తే పాఠకుడు బయట ఉండిపోతాడు. సైకిలు చుట్టూ మూగిన జనం పక్కన నిలబడే వీలు అతనికి కలుగుతుంది. రెండూ వ్యాకరణయుక్తమే. మూలం ఈ ఎంపికను అడగదు. తెలుగు ప్రతి వాక్యంలోనూ అడుగుతుంది.

మర్ఫీ గ్రంథంలో ఈ ఇబ్బంది ఇంతగా రాదు, ఎందుకంటే ఆమె 'మనం' అన్నప్పుడు తరచుగా తమ పడమటి జీవితాన్ని తప్పుపట్టడానికే అన్నది. అక్కడ 'మన' అని రాయడమా, 'మా' అని రాయడమా? 'మన' అంటే ఆ తప్పులో హైదరాబాదు, విజయవాడ పాఠకుడికీ వాటా ఇచ్చినట్టు. మోటారు రోడ్డు మీద ఆమె చేసిన ఫిర్యాదును తెలుగు చేసేటప్పుడు అనువాదకుడు ఆ వాటా ఎంతో ముందుగా తేల్చుకోవాలి.